మట్టల ఆదివారం పడిన సొట్ట

మా ఎదురింటి హెలెన్ టీచరు గారు యాభై ఆరో ఏట కారు నేర్చుకున్నారు. భీమవరంలో ఆడవాళ్ళు కారు నడపడం వింతేమీ కాదు. ఇంజనీరింగు కాలేజీ అమ్మాయిలు రోజూ నా గుమ్మం ముందు నుంచే దుమ్ము లేపుకుంటూ పోతారు. కాని టీచరు గారు నేర్చుకున్న తీరు వేరు. ఆవిడ మిషను హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నారు. క్లచ్చి ఎంత వదిలితే బండి ఎంత కదులుతుందో నోటు పుస్తకంలో పట్టిక గీసుకుని మరీ నేర్చుకున్నారు. నేర్పడానికి వచ్చిన డ్రైవింగు స్కూలాయన మూడో రోజుకి భయపడిపోయి, "మీరు నడపండి మేడం, నేను పక్కన కూర్చుంటాను" అని చేతులు కట్టుకున్నాడట.

నా పేరు కనకవల్లి. కాలేజీ పిల్లలకి మధ్యాహ్నం భోజనం క్యారేజీలు కట్టి పంపుతుంటాను, రోజుకి అరవై. నోరు కొంచెం పెద్దదని వీధిలో పేరుంది. నోరు పెద్దది కాకపోతే అరవై క్యారేజీలు వేళకి వెళ్ళవు, అది వాళ్ళకి తెలియదు. ఇప్పుడు చెప్పబోయే సంగతిలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు నాదే. ముందే ఒప్పేసుకుంటున్నాను, తరవాత ఇంకెవరో చెప్పగా మీరు వినక్కర్లేదు.

టీచరు గారి భర్త రమేష్ బాబు గారు ఇరిగేషన్ డిపార్టుమెంటులో పనిచేసి రిటైరయ్యారు. సర్వీసంతా కాలవగట్ల మీద తిరుగుతూ ఎక్కడ నెర్ర విచ్చిందో, ఏ లాకు దగ్గర నీళ్ళు కారుతున్నాయో వెతకడమే ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక కాలవలు లేవు కాబట్టి ఇంట్లో వెతుకుతున్నారు. ఆయనకి కారు నడపడం రాదు. రాదు కాబట్టి దాని గురించి ఆయనకి తెలియనిది లేదు.

టీచరు గారి జీతంతో కొన్న సెకండు హాండు తెల్ల కారు ఇంటికొచ్చిన రోజున పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. కేకు పంచారు. అందరి చేతుల్లో కేకు ముక్క ఉండగా రమేష్ బాబు గారు గొంతు సవరించుకున్నారు.

"చూడు హెలెన్, ముచ్చట పడ్డావు, నేను కాదనలేదు. కాని ఒక్క మాట. దీనిమీద ఒక్క గీత పడిన రోజున తాళం నాకిచ్చెయ్యాలి. డ్రైవర్ని పెట్టుకుందాం."

"సరేనండి" అన్నారు టీచరు గారు, అంతమంది ముందు ఇంకేం అంటారు. ఆ రోజు నుంచి ఆయన ప్రతి సాయంత్రం చేతిరుమాలు పట్టుకుని కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తారు. పిట్ట రెట్ట కనిపిస్తే అది గీతేమోనని ముందు అనుమానిస్తారు, తరవాత తుడుస్తారు.

డ్రైవర్ని పెట్టుకుంటే నష్టమేంటని మీకు అనిపించవచ్చు. శనివారాలు క్యారేజీలు వెళ్ళిపోయాక టీచరు గారు నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని మొగల్తూరు దాటి సముద్రం దాకా తీసుకువెళ్తారు. ఒక గంట ఇసకలో కూర్చుంటాం. వేరుశనక్కాయలు తింటాం. ఇళ్ళల్లో అనలేని మాటలన్నీ అక్కడ అనేసి తిరిగొస్తాం. డ్రైవరు వింటుంటే ఆ మాటలు ఎలా అంటాం? పెళ్ళయిన ముప్ఫయ్యొక్క ఏళ్ళూ ఆవిడ ఎవరైనా ఎక్కించుకుంటే ఎక్కారు, ఎవరైనా దింపితే దిగారు. ఆయన స్కూటరు కోసం స్కూలు గేటు దగ్గర ఎండలో నిలబడ్డ గంటలన్నీ కూడితే ఒక ఏడాది వస్తుందని ఒకసారి లెక్క వేసి చెప్పారు. ఆ తాళం ఆవిడకి ఎంతో, ఆ శనివారం నాకూ అంతే.

ఈ ఏడు ఒంటిపూట బడులు మొదలయ్యాక రమేష్ బాబు గారికి కుడికన్ను శుక్లం ముదిరిందన్నారు. వైజాగులో నర్సుగా చేస్తున్న చెల్లెలు ఆపరేషనుకి రమ్మంది. టీచరు గారికి వార్షిక పరీక్షలు కాబట్టి ఆయనొక్కరే బయల్దేరారు. శనివారం వెళ్ళి మళ్ళీ శనివారానికి వస్తానన్నారు. వెళ్ళేముందు అలవాటు ప్రకారం కారు చుట్టూ తిరిగారు.

"వచ్చేసరికి అన్నీ కొత్తగా కనిపిస్తాయటండి" అన్నారు నాతో సంతోషంగా. నేనూ సంతోషించాను. అప్పటికి కారు బాగానే ఉంది మరి.

మర్నాడే మట్టల ఆదివారం. ఈస్టరుకి ముందు వారం వాళ్ళంతా కొబ్బరి మట్టలు, ఈత మట్టలు పట్టుకుని పాటలు పాడుకుంటూ చర్చి చుట్టూ తిరుగుతారు. ఆరాధన అయ్యాక టీచరు గారు చర్చి ఆవరణలోంచి కారు వెనక్కి తీస్తుంటే సంఘ పెద్ద ఆశీర్వాదం గారు సాయానికి వచ్చారు. ఆయనంత మర్యాదస్తుడు జిల్లాలో ఉండడు. దోమని కొట్టేముందు కూడా ఒకసారి ఆలోచిస్తారు.

"రానివ్వండి టీచరు గారూ. రానివ్వండి. బోలెడు చోటుందండి. కొంచెం కుడివైపుకండి. రానివ్వండి, రానివ్వండి."

వెనక టప్పుమంది.

"కాస్త ఎక్కువ రానిచ్చినట్టున్నామండి" అన్నారు ఆశీర్వాదం గారు.

మా వైపు మర్యాద వల్ల ఎంత నష్టం జరుగుతోందో ఎవరైనా ఒకసారి తేల్చాలి. ఇంకెక్కడైనా అయితే "ఆగు" అని ఒక్క కేక వేస్తారు, బండి ఆగుతుంది. ఈయన "కొంచెం ఆగుతారాండీ టీచరు గారూ" అని నోట్లో సిద్ధం చేసుకునే లోపల గేటు స్తంభం వచ్చేసింది. వెనక బంపరు కుడి మూల అరచేతంత సొట్ట పడింది. తెల్ల రంగు లేచిపోయి నల్లటి ప్లాస్టిక్కు బయటపడింది. పక్కనే నాలుగు గీతలు. ఒక్క గీతకే తాళం ఇవ్వాలంటే నాలుగింటికి ఏం ఇవ్వాలో.

టీచరు గారు తిన్నగా మా ఇంటికొచ్చి బల్ల మీద కూర్చున్నారు. ఏడవలేదు. నేనైతే ఏడ్చేదాన్ని, ఆశీర్వాదం గారిని కూడా ఏడిపించేదాన్ని.

"వల్లి గారూ, మనకి ఆరు రోజులుంది" అన్నారు.

"షెడ్డుకివ్వండి. యుగంధర్ ఒక్కరోజులో చేసిచ్చేస్తాడు."

"యుగంధర్ మా ఆయనతో రోజూ సాయంత్రం టీ తాగుతాడండి. ఇంకో షెడ్డుకిస్తే వాళ్ళు యుగంధర్‌కి చెబుతారు. నేనే చేస్తాను."

"మీరా? ఏవండీ, అది ముగ్గు కాదండి."

"అబద్ధం చెప్పనండి. ఆయన అడిగితే చెప్పేస్తాను. అడగాల్సిన అవసరం లేకుండా చేస్తాను, అంతే."

సోమవారం మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చి ఫోనులో వీడియోలు పెట్టుకున్నారు. ఎవరో హిందీలో చెబుతున్నాడు, ఇంకెవరో ఇంగ్లీషులో. ఇద్దరి మాటలూ కలిపి నోటు పుస్తకంలో పాఠం రాసుకున్నట్టు రాసుకున్నారు. లక్ష్యం, కావలసిన సామగ్రి, విధానం, జాగ్రత్తలు. విధానంలో మొదటి మెట్టు, ప్లాస్టిక్కు బంపరు మీద మరిగే నీళ్ళు పోసి లోపలినుంచి నెడితే సొట్ట దానంతట అదే బయటికొస్తుందని.

ఆవిడ ఇంట్లో స్టవ్వు మీద నీళ్ళు పెట్టి, ఇంకా మరగలేదని, చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని గోనె పట్టా పరుచుకుని కారు కిందకి దూరారు. బంపరు వెనక చెయ్యి ఎక్కడ పెట్టాలో చూసుకుంటున్నారు. నేను సరిగ్గా అప్పుడే చివరి గుండిగ వారుస్తున్నాను. గంజి కుతకుతమంటోంది. వెళ్ళి ఆవిడ స్టవ్వు మీద నీళ్ళు చూస్తే ఇంకా చల్లగా ఉన్నాయి. మరిగేది ఏదైతేనేం అనుకున్నాను. గిన్నెడు గంజి పట్టుకొచ్చి, "పోస్తున్నానండి" అని ముందు చెప్పి మరీ సొట్ట మీద పోశాను. ఇంకో గిన్నె పోశాను. లోపలినుంచి ఆవిడ నెట్టారు. టప్పుమని సొట్ట బయటికొచ్చేసింది, ఎక్కడ ఉండేదో కూడా తెలియకుండా.

టీచరు గారు బయటికొచ్చారు. జుట్టులో నాలుగు మెతుకులున్నాయి.

"ఇదేంటండీ, నీళ్ళు తెల్లగా ఉన్నాయి?"

"గంజండి. వేడి బాగా నిలుస్తుంది."

ఆవిడ ఒక క్షణం ఆలోచించారు. "అవునండి, చిక్కగా ఉంటుంది కాబట్టి నెమ్మదిగా చల్లారుతుంది" అన్నారు. ఈ మొత్తం వ్యవహారంలో టీచరు గారు చేసిన తప్పు అదొక్కటే, నన్ను మెచ్చుకోవడం. నేను పొంగిపోయి పాత గుడ్డతో బంపరంతా తుడిచేశాను. ఏప్రిల్ ఎండకి రెండు నిమిషాల్లో ఆరిపోయి శుభ్రంగా కనిపించింది.

మంగళవారం గీతలున్న చోట మటుకు నీళ్ళు చల్లుకుంటూ ఉప్పు కాగితంతో రుద్దారు. లోతుగా ఉన్నచోట లప్పం పెట్టారు, గోడలకి పెట్టేది కాదు, బంపర్లకని వేరే దొరుకుతుందట. అది ఆరాక మళ్ళీ నునుపుగా రుద్ది, చుట్టూ కాస్త వెడల్పుగా బూడిదరంగు ప్రైమరు కొట్టారు. రాత్రి పడుకునేముందు ఇద్దరం వెళ్ళి చూసుకుని మురిసిపోయాం.

బుధవారం స్కూలు నుంచి వచ్చి ఆవిడ అంచు మీద గోరుతో మెల్లగా గీకారు. ప్రైమరు లేచింది. ఇంకొంచెం లాగారు. ఆత్రేయపురం పూతరేకు కుండ మీద నుంచి లేచినట్టు పలచగా, చిరగకుండా, లప్పంతో సహా చేతిలోకి వచ్చేసింది.

"ఏమైందండీ? అన్నీ రాసుకున్నట్టే చేశాను" అని నోటు పుస్తకం తిరగేస్తున్నారు.

నాకు తెలిసిపోయింది. ఆ పొర వెనకవైపు ఎలా ఉందో నేను రోజూ చూస్తాను, గుండిగ అంచున ఎండిన గంజి అలాగే ఉంటుంది. ఆవిడ రుద్దిన చోట పోయింది, రుద్దని చోటా, గీతల లోతుల్లోనూ అలాగే ఉండిపోయింది. దాని మీదే లప్పం పెట్టి ప్రైమరు కొట్టారు. ఊరుకుందామనే అనుకున్నాను, అబద్ధమెందుకు. కాని ఆవిడ తన తప్పెక్కడుందో వెతుక్కుంటూ మొదటి పేజీకి వెళ్ళిపోయారు. అది చూడలేకపోయాను.

"టీచరు గారూ, తప్పు మీది కాదండి. గంజిది. అంటే నాది."

ఆవిడ నన్నూ ఆ పొరనీ మార్చి మార్చి చూశారు.

"వల్లి గారూ, మీరు నా క్లాసులో ఉంటే ఈపాటికి బెంచీ ఎక్కించేదాన్ని."

"ఎక్కుతానండి. ముందు దీన్ని ఎలా కడగాలో చెప్పండి."

మూడు రోజులే మిగిలాయి. గోరువెచ్చని నీళ్ళు, గిన్నెల సబ్బు, పాత టూత్ బ్రష్షు పట్టుకుని బంపరంతా సందులతో సహా నేనే తోమాను. నా పెళ్ళినాటి ఇత్తడి బిందెని కూడా అలా తోమలేదు. తరవాత మొదటినుంచీ మొదలు. ఉప్పు కాగితాలకి నంబర్లుంటాయి. నాలుగు వందలు గరుకు, ఎనిమిది వందలు కాస్త మెత్తన, రెండు వేలకి వచ్చేసరికి కాగితం చెంపకి రాసుకోవచ్చు. నంబరు పెరిగేకొద్దీ నునుపు పెరుగుతుందన్నది టీచరు గారికి ఎంత నచ్చిందంటే, ఆ సాయంత్రం నాకు దానిమీద పాఠం చెప్పారు. చెబుతూ చెబుతూ రుద్దారు. చీకటి పడేదాకా రుద్దారు. మళ్ళీ లప్పం, మళ్ళీ రుద్దడం, మళ్ళీ ప్రైమరు.

గురువారం పొద్దున్న స్కూల్లో హాజరు యంత్రం మీద వేలు పెడితే అది ఆవిడని గుర్తుపట్టలేదు. బొటనవేలు పెట్టారు, చూపుడువేలు పెట్టారు, ఎడంచెయ్యి కూడా పెట్టారు. మళ్ళీ ప్రయత్నించండి అంటుందే కాని లోపలికి రానివ్వదు. వేలిముద్రలన్నీ ఉప్పు కాగితానికి అరిగిపోయాయి. గుమస్తా చివరికి కాగితం మీద సంతకం పెట్టించుకుని, "పనిమనిషి మానేసిందాండీ, గిన్నెలు తోముతున్నారా?" అని జాలిపడ్డాడట.

ఆ మధ్యాహ్నం రంగు కోసం వెళ్ళాం. కౌంటరు దగ్గర నేనే ముందుకెళ్ళి, "తెలుపివ్వండి, కారుకి" అన్నాను.

"ఏ తెలుపండి?" అన్నాడు కొట్టాయన.

"తెలుపంటే తెలుపే కదండీ."

ఆయన ఒక అట్ట తీసి ముందు పెట్టాడు. దానిమీద పదకొండు తెలుపులున్నాయి. ఒకటి పాలలా ఉంది, ఒకటి మజ్జిగలా ఉంది, మిగతావి నాకు తేడా తెలియలేదు. తేడా తెలియని చోట ఎంత గట్టిగా మాట్లాడినా లాభం లేదు. డ్రైవరు వైపు తలుపు తీస్తే లోపల స్తంభం మీద చిన్న రేకుంటుంది, దానిమీద రంగు నంబరుంటుంది, అది చూసి చెప్పండి అన్నాడు కొట్టాయన. బయటికొచ్చి తలుపు తీశాం. సరిగ్గా ఆ రేకు మీద బైబిలు వాక్యం స్టిక్కరు అంటించి ఉంది.

"ప్రార్థన రోజున మా ఆయన అంటించారండి. ఎక్కినప్పుడల్లా కనపడాలని" అన్నారు టీచరు గారు.

"పీకెయ్యండి."

"రేపు గుడ్ ఫ్రైడే అండి."

ఇంటికొచ్చాం. ఆవిడ కళ్ళు మూసుకుని పెదాలు కదిపారు. పైనున్న పెద్దాయనతో ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. తరవాత జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో స్టిక్కరుని వెచ్చబెట్టి, మూల దగ్గర పట్టుకుని ఒక్క అక్షరం చెడకుండా ఒలిచి, నా చేతి గడియారం మీద అంటించారు. నంబరు రాసుకున్నారు. మళ్ళీ స్టిక్కరు యథాస్థానంలో పెట్టారు. వెంట్రుకవాసి వంకర వచ్చిందని నేనన్నాను. మళ్ళీ తీసి మళ్ళీ పెట్టారు. కొట్టాయన ఆ నంబరుకి రంగు కలిపి, కొట్టే డబ్బాలో నింపి ఇచ్చాడు.

శుక్రవారం పొద్దున్నే చూస్తే గాలి. దాళ్వా వరికోతలు మొదలయ్యాయి, చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో యంత్రాలు నూరుస్తున్నాయి, గాలి నిండా ధాన్యం నూగు. తడి రంగు మీద అది వాలిందంటే బంపరు మీద గరిక మొలిచినట్టుంటుంది. ఆరుబయట వద్దని వీడియోలో అన్నారు, కాని వీడియోలో వాళ్ళకి గరాజులున్నాయి. మాకు దోమతెర ఉంది. మా డబుల్ కాట్ దోమతెర తెచ్చి బట్టల తీగకి కట్టి కారు వెనకభాగం మీదకి దింపాం. టీచరు గారు ముక్కుకి గుడ్డ కట్టుకుని లోపలికెళ్ళారు. ముందు నా గుండిగ మూత మీద కొట్టి చెయ్యి సాధన చేశారు. ఆ మూత ఇప్పటికీ సగం తెల్లగా ఉంటుంది.

మొదటి పూత కొట్టారు. నాకేమీ కనపడలేదు.

"ఇంకొంచెం పొయ్యండి" అన్నాను తెర బయటినుంచి.

"మొదటి పూత కనపడకూడదండి. పలచగా, పది నిమిషాలు ఆగి ఇంకొకటి. కారితే అంతా పోతుంది."

"మూడు పూతలకి అరగంటా?"

"నలభై నిమిషాలు. మీరు మాట్లాడకపోతే."

మూడో పూతకి నలుపు పోయింది, బూడిదరంగు పోయింది, తెలుపు వచ్చింది. పదకొండు తెలుపుల్లోనూ సరైన తెలుపే. మధ్యాహ్నం ఆవిడ తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళారు. మూడు గంటల ఆరాధన. ఆ మూడు గంటలూ నేను దోమతెర పక్కన కుర్చీ వేసుకుని పిల్లినీ, కొరియరు వాళ్ళనీ తరుముతూ కూర్చున్నాను. నాలుగింటికి ఆవిడొచ్చి పైన మెరుపు పూత కొట్టారు. ఇక అది ఆరితే అయిపోయినట్టే.

అయిదింటికి ఆశీర్వాదం గారు వచ్చారు. ఆదివారం నుంచీ ఆయనకి నిద్ర లేదట.

"నా వల్లే కదండీ టీచరు గారూ. క్షమాపణ అడుగుదామని వచ్చానండి."

"అయ్యో, మీరేం చేస్తారండీ" అన్నారు టీచరు గారు. ఆవిడ కాఫీకని లోపలికెళ్ళారు. నేను ఆయన్ని తెర దగ్గరికి తీసుకెళ్ళి, ఎలా ఉందో చూడమని గొప్పగా తెర ఎత్తాను.

"తడిగా ఉందండి, ముట్టుకోకండి" అన్నాను.

"అలాగేనండి. ఎంత బాగా చేశారండీ, అసలు తెలియడం లేదు. ఆరినట్టే ఉందండి" అంటూ ఆశీర్వాదం గారు చూపుడువేలితో ముట్టుకున్నారు.

ఈలోగా టీచరు గారు కాఫీతో వచ్చారు, ముగ్గురమూ వంగి చూశాం. ముందురోజు నుంచీ ఆవిడ వేలిముద్ర ఏ యంత్రానికీ పడటం లేదు. ఆశీర్వాదం గారి వేలిముద్ర మాత్రం గీతలు గీతలుగా, సున్నాలు సున్నాలుగా అచ్చుగుద్దినట్టు పడింది. నాకు నోటిదాకా వచ్చిన మాట గుడ్ ఫ్రైడే అని మింగేశాను. ఆశీర్వాదం గారు తన వేలివైపు చూసుకుని, "చెయ్యి కడుక్కోవచ్చాండీ?" అని అడిగారు. పాపం, ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"రేపు పొద్దున్న దాకా ఎవరూ ఏమీ చెయ్యొద్దు. కాఫీ తీసుకోండి" అన్నారు టీచరు గారు.

శనివారం తెల్లవారగానే రెండు వేల నంబరు కాగితం నీళ్ళలో ముంచి ఆ వేలిముద్ర మీద రుద్దడం మొదలుపెట్టారు. ఒక వైపుకే, మెల్లగా. మెరుపు పోయి పాలిపోయినట్టయింది. తరవాత మెరుగు పేస్టు రాసి, రమేష్ బాబు గారి పాత బనీనుతో గంటసేపు పట్టించారు. ముద్ర పోయింది. మెరుపు తిరిగొచ్చింది. సొట్ట ఎక్కడుండేదో తెలిసిన నేను, ముక్కు ఆనించి వెతికినా కనిపెట్టలేకపోయాను.

పదకొండింటికి రమేష్ బాబు గారు ఆటో దిగారు, నల్ల కళ్ళద్దాలతో. దిగుతూనే అద్దాలు తీసేశారు. చెల్లెలు తియ్యొద్దని పదిసార్లు చెప్పిందట. ముందు నన్ను చూశారు.

"ఏంటండీ వల్లి గారూ, ఇలా నెరిసిపోయారేంటి వారంలో?"

నాలుగేళ్ళ నుంచీ నెరిసే ఉన్నాను. కొత్త కన్ను ఎంత బాగా పనిచేస్తోందో అర్థమైంది. ప్రహరీ గోడ మీద బీట చూశారు. మామిడికాయ మీద మచ్చ చూశారు. ఆఖరికి జేబులోంచి చేతిరుమాలు తీసి కారు దగ్గరికి వెళ్ళారు.

చుట్టూ తిరిగారు. ముందువైపు వంగారు. ఎడంపక్క వంగారు. వెనక్కొచ్చారు. కుడి మూల దగ్గర మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి, కాసేపు అలాగే ఉండిపోయారు. నేను ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను. టీచరు గారు చేతిలో తాళం పట్టుకుని మెట్టు మీద నిలబడ్డారు. ఆయన లేచారు.

"పర్వాలేదు హెలెన్, జాగ్రత్తగానే ఉన్నావు. ఎలా వదిలివెళ్ళానో అలాగే ఉంది. ఒక్క గీత లేదు."

అయిపోయింది. గెలిచాం. సాయంత్రం సముద్రానికి వేరుశనక్కాయలు నేనే కొంటాననుకున్నాను.

అప్పుడు టీచరు గారు మెట్టు దిగారు.

"కుడి మూల చూశారా?"

"చూశాను."

"ఏం కనిపించింది?"

"ఏముంటుంది? ఏమీ లేదు."

"ఇంకోసారి చూడండి."

నేను ఆవిడ చెయ్యి గిల్లాను. ఆవిడ పట్టించుకోలేదు. ఆయన మళ్ళీ వంగి, రుమాలుతో తుడిచి చూసి, "ఏముంది హెలెన్ ఇక్కడ?" అన్నారు.

"అక్కడ ఇంత సొట్ట పడింది. రంగు లేచిపోయింది. నాలుగు గీతలు. చర్చి గేటుకి కొట్టాను. ఆరు రోజులు కూర్చుని నేనే బాగుచేశాను."

ఈవిడకి మతిపోయిందనుకున్నాను. తరవాత ఆలోచిస్తే మతి సరిగ్గానే ఉందనిపించింది. ఆ ఇంట్లో ఆవిడ ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా చేసిన పనులన్నీ అలాంటివే. బాగా చేసినందువల్ల ఎవరికీ కనపడలేదు. ఎలా వదిలివెళ్ళారో అలాగే ఉంది అనే మాట ఆవిడ ఇంకొక్కసారి వినలేకపోయారు.

రమేష్ బాబు గారు చెయ్యి చాపారు. కోపంగా ఏమీ కాదు. మాట మాటే అన్నట్టు చాపారు.

"అయితే తాళం."

టీచరు గారు తాళాన్ని కుడిచేతిలోంచి ఎడంచేతిలోకి మార్చుకున్నారు. ఖాళీ అయిన చేత్తో కిటికీ మీద ఆరేసిన రెండు వేల నంబరు కాగితం తీసి ఆయన చేతిలో పెట్టారు.

"గీత పడితే ఇస్తానన్నాను. గీత చూపించండి, ఇస్తాను. కనపడకపోతే దీంతో రుద్ది చూసుకోండి, కిందెక్కడో ఉంటుంది. రుద్దాక దాన్ని మళ్ళీ బాగుచేసేది కూడా నేనే. అందుకని ఇవ్వను."

ఇవ్వను అనే మాట ఆవిడ నోట ఆయనతో అనగా నేను వినడం అదే మొదలు. ఆయనకీ అదే మొదలనుకుంటాను. కాగితం వైపు చూశారు. వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూశారు. బంపరు వైపు చూశారు. ఆ తరవాత, కొత్త కన్ను కదా, ఆవిడ వేళ్ళవైపు చూశారు. అవి ఎర్రగా, చివర్లు నున్నగా అయిపోయి ఉన్నాయి.

"గుండ్రంగా రుద్దావా?" అని అడిగారు చివరికి.

"కాదండి. ఒక వైపుకే. గుండ్రంగా రుద్దితే ఎండలో సుడులు కనపడతాయి."

"లప్పం ఎన్ని పూతలు?"

"రెండు. మొదటిది లేచిపోయింది."

"ఎందుకు లేచింది?"

టీచరు గారు నావైపు చూడలేదు. "తడి ఆరకుండా కొట్టానండి" అన్నారు. అబద్ధం చెప్పనన్న మనిషి నాకోసం చెప్పిన అబద్ధం అది. ఇద్దరూ బంపరు ముందు గొంతుక్కూర్చుని పావుగంట మాట్లాడుకున్నారు, ఆయన వేలితో ముట్టుకుంటూ, ఆవిడ చూపిస్తూ. వాళ్ళిద్దరూ అంతసేపు ఒకే విషయం మాట్లాడుకోవడం ఆ వీధిలో నేనెప్పుడూ చూడలేదు.

ఆయన మోకాలు పట్టుకుని లేచారు. "శనివారం కదా, మీరిద్దరూ ఎక్కడికో వెళ్తారుగా. ఉండండి, కాఫీ తాగి వెళ్దురుగాని" అని వంటింట్లోకి వెళ్ళారు. గిన్నెలు పడ్డ చప్పుడైంది. ఫిల్టరెక్కడుందని ఒకసారి, పంచదారెక్కడుందని ఒకసారి కేకేశారు. టీచరు గారు లేవబోతే నేను కూర్చోబెట్టాను. చాలాసేపటికి రెండు గ్లాసులతో వచ్చారు. డికాక్షను నీళ్ళలా ఉంది, పాలు సగం కాగాయి, పంచదార అడుగున కదలకుండా కూర్చుంది. నా సంగతి మీకు తెలుసు, నాలుగు మాటలు నాలిక చివర దాకా వచ్చాయి.

టీచరు గారు ఆఖరి చుక్క దాకా తాగారు. ఆయన మొహంలోకి చూసి, "బాగుందండి" అన్నారు. తాళం తీసుకుని వెళ్ళి కారు స్టార్టు చేశారు.